గగనమునఁ బెరిగిన కణములు

గౌతమీ తీరమునందలి కె.గంగవరం ప్రాంతపు కొబ్బరితోటలలో బొండము చెలిగి నీరు త్రావువారికి, 1941లో వాన్ ఓవర్‌బీక్ మున్నగు శాస్త్రజ్ఞులు ఆ కొబ్బరినీటితోనే ఉమ్మెత్త పిండములను గాజుపాత్రలలోఁ బెంచిరని చెప్పినచో, కణసంవర్ధనమను విద్య తమ పెరటి చుట్టమే యని తోఁపక మానదు.

ఆ విద్య మానవకణములను వెంటఁగొని 1973లో స్కైలాబ్ అను అంతరిక్షకేంద్రముతో నింగి కెక్కెను. పిండపు ఊపిరితిత్తులనుండి గ్రహించిన డబ్ల్యుఐ-38 కణములు భూమిమీఁదివలెనే విభజన చెందుచుండుటను సూక్ష్మదర్శినికిఁ గూర్చిన కెమెరాలు చిత్రింపగా, భారరాహిత్యము కణమును బాధింపదని తొలుతఁ దోఁచెను. కాని 1983లో స్పేస్‌లాబ్-1 అను అంతరిక్ష ప్రయోగశాలలో కొగోలి యను శాస్త్రజ్ఞుని బృందము పంపిన మానవరక్తపు లింఫోసైట్లు, విభజనకుఁ బురికొల్పు కాన్‌కనావలిన్-ఎ అను పదార్థమును గలిపినను మేల్కొనవయ్యెను. భూమిమీఁది కణములతోఁ బోల్చిన వాని స్పందన నూటికి 3 పాళ్లైనను లేదు. 1985నాఁటి స్పేస్‌లాబ్ డి-1 యాత్రలో, నౌకలోనే అట్టి కణములఁ గొన్నింటిని గిరగిరఁ ద్రిప్పి కృత్రిమగురుత్వము కల్పింపగా, అవి చక్కఁగా స్పందించెను. లోపమునకు హేతువు ప్రయాణపుఁ గుదుపులు గాక భారరాహిత్యమేయని తేటపడెను. రోగములనుండి మనలఁ గాచు కణములే గగనమున మందగించుట వ్యోమగాముల క్షేమమునకు ఎంత ముఖ్యవిషయమో వేఱుగఁ జెప్పనేల!

మన శ్రీహరికోటనుండి 2024 డిసెంబరు 30న ఎగసిన పీఎస్ఎల్‌వీ-సీ60 రాకెట్టు కక్ష్యావేదికపై అలసంద గింజలు మొలకెత్తెను. మన పొలముగట్ల గింజ అచ్చట మొలకయైనట్లే, మానవకణపు మర్మమును శోధించు వంతు రేపు మన బిడ్డలకును దక్కవలెనని మనసారఁ గోరుదము.