అరివు: కులంపై ర్యాప్‌తో నిలదీత.. కోట్ల వ్యూస్ తెచ్చిన పాటపై ఆయన పేరెక్కడ?

'ఎంజాయ్ ఎంజామి'.. 2021 మార్చిలో యూట్యూబ్‌లోకి వచ్చిన ఈ పాటకు తమిళం రానివాళ్లు కూడా స్టెప్పులేశారు. కోట్లలో వ్యూస్ వచ్చాయి. పాట రాసింది, ధీతో కలిసి పాడింది దళిత ర్యాపర్ అరివు. కానీ పాట పెద్దదయ్యే కొద్దీ ఆయన పేరు పక్కకు జరుగుతూ వచ్చిందన్నది పెద్ద వివాదం. అదేంటో చూద్దాం.

ఇంతకీ ఎవరీ అరివు?

పూర్తి పేరు అరివరసు కలైనేసన్. సొంతూరు తమిళనాడులోని అరక్కోణం. రేణిగుంట మీదుగా చెన్నై రైలెక్కిన తెలుగువాళ్లకు ఈ జంక్షన్ తెలిసే ఉంటుంది. అమ్మానాన్నలు 'అరివొళి ఇయక్కం' అనే అక్షరాస్యత ఉద్యమంలో పనిచేశారు. అరివు అంటే తమిళంలో జ్ఞానం. ఇంజినీరింగ్ చదివిన ఈ కుర్రాడు కవితల నుంచి ర్యాప్‌లోకి వచ్చాడు.

బ్రేక్ ఇచ్చింది 'ది క్యాస్ట్‌లెస్ కలెక్టివ్'. దర్శకుడు పా రంజిత్, సంగీత దర్శకుడు టెన్మా కలిసి పెట్టిన బ్యాండ్ ఇది. 2018 జనవరిలో చెన్నై కీల్పాక్‌లో తొలి షో. స్టేజీపై 19 మంది. చెన్నై వాడల్లో పుట్టిన గానా పాట, ర్యాప్, పరై వాద్యం.. అన్నీ ఒకే చోట. బ్యాండ్ పేరు కూడా ఊరికే పెట్టింది కాదు. జనాభా లెక్కల్లో తమను 'కులం లేని తమిళులు'గా రాయించుకోవాలని 19వ శతాబ్దంలోనే పిలుపునిచ్చిన అయోతీదాసు మాటలోంచి తీసుకున్నారు.

పరై అంటే మన డప్పుకు దగ్గరి చుట్టం. చావుకు కొట్టాలి, చాటింపుకు కొట్టాలి, కొట్టినవాడు మాత్రం ఊరి బయటే ఉండాలి. అక్కడా ఇక్కడా అదే కథ. ఆ డప్పునే ధిక్కారంగా మార్చడం ఓరుగల్లుకు కొత్త కాదు. దళిత కుటుంబంలో పుట్టిన గద్దర్ 1990 ఫిబ్రవరిలో అజ్ఞాతం వీడారు. అదే ఏడాది మేలో వరంగల్‌లో జరిగిన రైతు కూలీ సంఘం సభకు జనం లక్షల్లో వచ్చారు. అప్పుడు గొంగడి, గజ్జెలు, డప్పు. ఇప్పుడు హుడీ, మైక్, బీట్. అమెరికాలో హిప్‌హాప్ పుట్టింది కూడా 1973లో న్యూయార్క్ బ్రాంక్స్ పేదల వాడల్లోనే కదా!

అరివు ఒక్కడే కాదు. మన పార్వతీపురం మన్యం జిల్లాకు ఆనుకుని ఉన్న ఒడిశా కోరాపుట్ నుంచి సుమీత్ సామోస్ కూడా కులంపై ర్యాప్ చేశాడు. 2021లో ఆక్స్‌ఫర్డ్‌లో సీటొస్తే ఫీజు డబ్బులు జనమే చందాలేసి ఇచ్చారు.

పాట వెనక అవ్వ కథ

'ఎంజామి' అంటే దాదాపుగా 'నా సామి'. ముద్దుగా పిలిచే పిలుపు. 'బాంచన్ దొరా' అనిపించుకున్న దొరలను చూసిన తెలంగాణకు 'సామి' అన్న మాట బరువు వేరే చెప్పక్కర్లేదు. ఆ మాటే ఇక్కడ గారాబమైంది. అరివు అవ్వ వల్లియమ్మాళ్ తరం శ్రీలంక తేయాకు తోటల్లో కూలి చేసింది. తోటలు పెంచారు, సెంటు భూమి మిగల్లేదు. పాటంతా ఆ మట్టి గురించే.

గొడవ ఎక్కడ మొదలైంది?

2021 ఆగస్టులో రోలింగ్ స్టోన్ ఇండియా మ్యాగజైన్ కవర్‌పై ధీ, షాన్ విన్సెంట్ డి పాల్ కనిపించారు. ఆ కథనం 'ఎంజాయ్ ఎంజామి', 'నీయే ఒళి' పాటల గురించి. రెండింటికీ మాటలు రాసిన అరివు ఫొటో లేదు. పా రంజిత్ బహిరంగంగానే నిలదీశారు. విమర్శలు వచ్చాక ఆ పత్రిక అరివుతో డిజిటల్ కవర్ తెచ్చింది. తెచ్చారు సరే, ముందే ఎందుకు గుర్తురాలేదన్నదే ప్రశ్న.

మళ్లీ 2022 జులై 28. చెన్నైలో చెస్ ఒలింపియాడ్ ప్రారంభోత్సవం. అదే పాట, స్టేజీపై అరివు లేడు. బాణీ కట్టింది, రాసింది, పాడింది తానేనని, ఒక్క పదం కూడా తనకు ఎవరూ ఇవ్వలేదని అరివు ఇన్‌స్టాగ్రామ్‌లో రాశాడు. సంగీత దర్శకుడు సంతోష్ నారాయణన్ మాత్రం ట్యూన్ ముగ్గురం కలిసి చేసిందేనని, అరివు అప్పుడు అమెరికాలో ఉన్నాడని చెప్పారు. 2024 మార్చిలో ఆయనే, ఈ పాటపై లేబుల్ నుంచి తమలో ఎవరికీ ఒక్క రూపాయి రాలేదని ఆరోపించారు.

పాట మిగిలి పేరు పోవడం మనకూ తెలిసిందే. 'బండెనక బండి కట్టి' అనగానే అందరికీ 'మా భూమి' సినిమాలో గద్దర్ గుర్తొస్తారు. అది కట్టింది సాయుధ పోరాట కాలపు యాదగిరి అని ఎంతమందికి తెలుసు?

అరివు 2024లో సొంతంగా ఆల్బం తెచ్చాడు. దాని పేరు 'వల్లియమ్మ పేరాండి'. అంటే వల్లియమ్మ మనవడు.