స్కాట్లండ్ తీరంలో ఇసుక, పచ్చిక, పెట్టుబడి
స్కాట్లండ్ తూర్పు తీరం పొడవునా సముద్రపు ఒడ్డుకూ సాగుభూములకూ నడుమ ఇసుక దిబ్బలతో, పొట్టి గడ్డితో, ఎత్తుపల్లాలతో పరుచుకొని ఉండే నేలలను లింక్స్ అంటారు. మంచుయుగం ముగిశాక సముద్రమట్టంలో వచ్చిన మార్పుల వల్ల తీరానికి చేరిన ఇసుకను గాలులు లోపలికి తోయగా, మారం అనే మొండిగడ్డి దానిని వేళ్లతో పట్టి నిలపడం వల్ల ఇవి ఏర్పడ్డాయి. నాగలికి పనికిరాని ఈ నేలలు శతాబ్దాల పాటు గొర్రెల మేతకు, కుందేళ్ల వేటకు, విలువిద్య సాధనకు, ఆటలకు ఊరివారందరూ వాడుకునే ఉమ్మడి స్థలాలుగా, తెలుగు రెవెన్యూ మాటల్లో చెప్పాలంటే ఒక విధమైన మేత పోరంబోకుగా మిగిలాయి. గోల్ఫ్ ఇక్కడ స్థిరపడడానికి కారణం ఆ నేలను ఎవరూ ఆటకోసం సిద్ధం చేయవలసిన అవసరం లేకపోవడమే. పచ్చికను గొర్రెలూ కుందేళ్లూ కొరికి పొట్టిగా ఉంచేవి, వర్షపు నీటిని ఇసుక పీల్చుకొనేది. 1457లో స్కాట్లండ్ పార్లమెంటు విలువిద్యకు అడ్డు వస్తున్నదని ఈ ఆటను నిషేధించిందంటే, అప్పటికే అది ఎంత వ్యాపించిందో ఊహించవచ్చు.

తీరప్రాంతపు గోల్ఫ్ మైదానాల వివాదాన్ని ఇటీవలి పర్యావరణ చైతన్యం తెచ్చిన సమస్యగా భావించడం పరిపాటి. చరిత్ర దీనిని పూర్తిగా సమర్థించదు. సెయింట్ ఆండ్రూస్ పట్టణంలో లింక్స్‌పై ప్రజలకు ఉన్న ఆటల హక్కును గుర్తించిన 1552 నాటి పత్రమే, అక్కడ కుందేళ్లను పెంచుకొనే హక్కును ఆర్చిబిషప్‌కు కూడా ఇచ్చింది. అప్పుల్లో కూరుకుపోయిన పట్టణ పాలకమండలి 1797లో ఆ నేలను చేజార్చుకోగా, కొద్దికాలానికే అది కుందేళ్ల వ్యాపారుల పాలైంది. బొరియలతో మైదానం గుల్లయిపోతున్నదని గోల్ఫ్ ఆటగాళ్లు, పెట్టుబడి పెట్టిన తమకు ఫలం దక్కాలని వ్యాపారులు ఏళ్ల తరబడి కోర్టుల్లో పోరాడారు. 1821లో జేమ్స్ చీప్ అనే స్థానిక భూస్వామి ఆ నేలను కొన్న తరువాతగాని కుందేళ్ల గొడవ సద్దుమణగలేదు. 1894లో పార్లమెంటు చట్టం ద్వారా లింక్స్ మళ్లీ పట్టణానికి దక్కింది. ఈ కథలో గోల్ఫ్ నేలను మింగే శక్తిగా గాక, ఉమ్మడి హక్కుల పక్షాన నిలిచిన ఆటగా కనిపించడం గమనించదగినది.

ఆ తీరవాసులను నిజంగా భయపెట్టింది ఆటలు కావు, ఇసుకే. మోరే తీరంలోని కల్బిన్ అనే సారవంతమైన ఎస్టేటును 1694లో ఇసుక తుపాను ముంచెత్తింది. మరుసటి ఏడాది స్కాట్లండ్ పార్లమెంటు ఇసుక దిబ్బల మీది గడ్డిని, పొదలను పీకడాన్ని నిషేధించింది. ఇళ్ల కప్పులకోసం గడ్డి పీకడమే ఇసుకను కట్లు తెంచుకొనేలా చేసిందని శాసనకర్తలు తలచారు. కోస్తాంధ్రలో సరుగుడు తోటలు పెంచడం వెనుక ఉన్న ఆలోచనల్లో ఒకటైన ఇసుక కట్టడే ఈ చట్టానికీ మూలం. అంటే పదిహేడో శతాబ్దపు రాజ్యం దృష్టిలో కదలని ఇసుకే మంచి ఇసుక.

పంతొమ్మిదో శతాబ్దంలో రెండు మార్పులు వచ్చాయి. 1848 ప్రాంతంలో గట్టాపర్చా అనే చెట్టుపాల పదార్థంతో చేసిన చౌక బంతులు రావడంతో ఆట మధ్యతరగతికి అందింది. రైళ్లు పట్టణవాసులను తీరానికి చేర్చాయి. లింక్స్ భూమికి మొదటిసారి పర్యాటక ధర పలికింది. అబర్డీన్‌షైర్‌లోని క్రూడెన్ బే ఇందుకు మంచి ఉదాహరణ. గ్రేట్ నార్త్ ఆఫ్ స్కాట్లండ్ రైల్వే కంపెనీ 1897లో అక్కడికి రైలు మార్గం వేసి, 1899లో పెద్ద గ్రానైటు హోటలును, పక్కనే గోల్ఫ్ మైదానాన్ని తెరిచింది. స్టేషను నుంచి హోటలుకు విద్యుత్ ట్రామునూ నడిపింది. ధనికులు దక్షిణాది నుంచి బారులు తీరతారన్న లెక్క మాత్రం తప్పింది. 1932లో ప్రయాణికుల రైళ్లు ఆగిపోయాయి, రెండో ప్రపంచ యుద్ధానంతరం హోటలును కూల్చివేశారు. మైదానం నేటికీ ఉంది. అయితే దానిని నిలిపింది ఆట మీది మక్కువే తప్ప కంపెనీ లెక్కలు కావు.

అదే తీరంలో మరికొంత దక్షిణాన, బాల్మెడీ దగ్గరి మెనీ ఎస్టేటులో, నూరేళ్ల తరువాత దాదాపు అలాంటి లెక్కే మళ్లీ వినిపించింది. 2006లో ఆ ఎస్టేటును సంపాదించిన డొనాల్డ్ ట్రంప్ రెండు మైదానాలు, 450 గదుల హోటలు, వందలాది ఇళ్లు, వేలాది ఉద్యోగాలతో వంద కోట్ల పౌండ్ల పథకాన్ని ప్రకటించారు. ఈ ఎస్టేటులో కొంత భాగం ఫొవెరాన్ లింక్స్ అనే రక్షిత స్థలంలో ఉంది. శాస్త్రీయ ప్రాముఖ్యం గల స్థలంగా చట్టరీత్యా దానికి గుర్తింపు రావడానికి ప్రధాన కారణం, అక్కడి ఇసుక మేట గాలికి స్వేచ్ఛగా కదులుతూ ఉండడమే. 1695లో శాసనం దేనిని ఆపదగా చూసిందో, మూడు శతాబ్దాల తరువాత మరో శాసనం దానినే సంపదగా లెక్కించింది. మైదానం కట్టాలంటే మాత్రం ఇసుకను మళ్లీ కట్టివేయక తప్పదు.

2007లో అబర్డీన్‌షైర్ కౌన్సిల్‌లోని ఒక సంఘం తన అధ్యక్షుని నిర్ణాయక ఓటుతో ఆ పథకాన్ని తిరస్కరించింది. స్కాట్లండ్ ప్రభుత్వం వ్యవహారాన్ని తన చేతికి తీసుకొని, బహిరంగ విచారణ జరిపించి 2008 నవంబరులో అనుమతించింది. దిబ్బలకు నష్టం తప్పదని విచారణాధికారులు కాదనలేదు. ఆర్థిక ప్రయోజనం ఆ నష్టాన్ని మించుతుందని తేల్చారు. ఉత్తర సముద్రపు చమురు మీద ఆధారపడిన ప్రాంతానికి మరో జీవనాధారం కావాలన్న వాదన తేలికగా తోసిపుచ్చదగినది కాదు. కాని ఈ తూకంలో ఒక పళ్లెంలో ఉన్నది ఎన్నటికీ తిరిగిరాని నేల స్వభావం కాగా, రెండో పళ్లెంలో ఉన్నది ఒక ప్రకటన మాత్రమే. 2012లో మొదటి మైదానం తెరుచుకున్నా 450 గదుల హోటలు లేవలేదు, తొలి దశాబ్దమంతా కంపెనీ పద్దుల్లో ఏటా నష్టాలే కనిపించాయి.

ఉత్తరాన ఎంబో గ్రామం దగ్గరి కూల్ లింక్స్‌లో కథ మరోలా నడిచింది. చలికాలంలో నీరు నిలిచే పల్లాలు, అరుదైన మొక్కలు, ప్రపంచంలో ఆ తీరభాగంలో తప్ప మరెక్కడా కనబడని ఒక చిన్న ఈగ జాతి ఉన్న నేల అది. 2018లో హైలాండ్ కౌన్సిల్ అక్కడ మైదానానికి ఒప్పుకున్నా, ప్రభుత్వం విచారణ జరిపి 2020 ఫిబ్రవరిలో అనుమతి నిరాకరించింది. యువత వలసపోతున్న ఆ ప్రాంతంలో చాలామంది స్థానికులు దీనిపై అసంతృప్తి చెందారు, తరువాత స్థానిక బృందమే మరో ప్రతిపాదనతో ముందుకు వచ్చింది. అదే 2020 డిసెంబరులో ప్రకృతి సంరక్షణ సంస్థ నేచర్‌స్కాట్, మైదానం వల్ల స్థిరపడిపోయిన ఇసుకకు పూర్వపు ప్రాముఖ్యం మిగలలేదంటూ, మెనీలోని ఆ భాగానికి రక్షిత హోదాను తొలగించింది.