కోసిన నిమ్మకాయ



మా రాజంపేటలో ఒక నిమ్మబద్ద మిగిలినచో ఇంటివారు దానిని పింగాణి పళ్లెములో బోర్లించి యుంచెదరు. కాయలు మెండైనచో ఉప్పులో నూరవేసి, జాడీ కెత్తి, వాసెన కట్టెదరు. రాగి పాత్రలను మాత్ర మంటనీయరు, చిలుము పుట్టునని. ఈ జాగ్రత్త యెరుగక ఇంగ్లీషు నావికు లెట్టి కడగండ్లు పడిరో నేడు విన్నవించెదను.

పూర్వము నెలల తరబడి సముద్రముపై నుండువారికి స్కర్వీ యను వ్యాధి సోకెడిది. చిగుళ్లు వాచి నెత్తురు కారును. మానిన గాయములు మరల విచ్చును. తుదకు ప్రాణమే పోవును. 1747లో సాలిస్‌బరీ యను యుద్ధనౌకపై జేమ్స్ లిండ్ అను వైద్యుడు పన్నిద్దరు రోగులను ఇద్దరిద్దరిగా విడదీసి ఆరు విధముల చికిత్స చేసెను. ఒక జంటకు దినమునకు రెండు నారింజలు, ఒక లెమన్ పండు నిచ్చెను. ఆరు దినములకే పండ్లు నిండుకొనెను. కాని యాసరికే వారిలో నొకడు పనికి లేచెను.

మందు తెలిసినది, నిలువచేయు టెట్లు? రసమును కాచి చిక్కబరచి సీసాలలో నింపుడని లిండే చెప్పెను. అంతటివాడును ఇచ్చట పొరబడెను. కాచుటతో గుణము చాలవరకు నశించెను. 1795 మొదలు నౌకాదళమువారు లెమన్ రసమును బత్తెముగా నిచ్చుటచే వ్యాధి యణగెను.

1860 తరువాత వారు వెస్టిండీసు దీవుల లైము కాయలకు మారిరి. వానిలో గుణమే తక్కువ; అందుపై రసము గాలి సోకుచు, రాగి గొట్టములగుండ పారి వచ్చెడిది. 1875లో నేర్స్ నాయకత్వమున ఉత్తరధ్రువమునకు బయలుదేరినవారు ఓడలో నీ రసము త్రాగినవారే. అయినను మంచుపై బండ్లు లాగుచు పోయినంతట స్కర్వీ పాలై మరుసటి యేడే మరలిరి. దానితో పండ్లరసమునందే వైద్యులకు నమ్మకము సడలెను. బడిలో ఇంగ్లీషువారి నౌకావిజయములను ఏండ్లతరబడి చెప్పితిని గాని, ఈ గొట్టముల మాట నేనును ఒక్కనాడు చెప్పనైతిని.

హంగరీ దేశపు సెంట్ గ్యోర్గి 1928లో వేరుచేసిన పదార్థమే ఆ గుణమునకు మూలమని 1932లో తేలెను. అదియే సి విటమిను. గాలి దానిని హరించును; రాగి ఆ నాశమును త్వరపెట్టును; కాయలోని పులుపు కొంత కాపాడును. మన పెరటి నిమ్మయు లైము జాతిదే గనుక, ఉన్న కొలదిని పోగొట్టుకొనరాదు. బోర్లించిన బద్దకు గాలి తక్కువ సోకును. చల్లనిచోట నొకటి రెండు దినములు నిలుచును. ఉప్పులో నూరినది బూజుపట్టదు గాని, దాని సత్తువ నెలనెలకు తరుగుచుండును. జ్వరము తేరినవానికి పథ్యములో పాత నిమ్మకాయ వడ్డించుట మన యాచారము. అది నోటికి రుచి పుట్టించును, నిజమే. సత్తువకు మాత్రము అప్పుడు కోసిన కాయను ప్రక్కన పిండుడు.