కొలిమి నుంచి కార్చిచ్చు అంచుకు: పులాస్కి పనిముట్టు చరిత్ర

కార్చిచ్చును అణచే పని ప్రధానంగా నీటితో సాగేది కాదు. పట్టణంలో ఇల్లు అంటుకుంటే ఫైరింజనూ గొట్టాలూ అక్కడికి చేరగలవు గాని, దారి లేని కొండవాలు మీద, వాగులు ఎండిన వేసవిలో, మైళ్ల పొడవున కదిలే మంట ముందు ఆ సాధనాలు చాలావరకు అక్కరకు రావు. నిప్పు నిలవడానికి వేడి, ప్రాణవాయువు, ఇంధనం అనే మూడూ ఉండాలి. వీటిలో అడవిలో మనిషి చేతికి అందేది ఇంధనం ఒక్కటే కనుక, మంట రాబోయే దారిలో పొదలు నరికి, ఎండుటాకులనూ చిదుగులనూ వేళ్లనూ తొలగించి, అడుగున మన్ను బయటపడేదాకా నేలను పట్టీగా గీకివేయడమే అటవీ అగ్నిమాపకుల ముఖ్యమైన పని అయింది. ఈ పట్టీనే ఫైర్ లైన్ అంటారు. నల్లమల, శేషాచలం అడవులలో వేసవికి ముందు అటవీ శాఖ వేయించే ఫైర్ లైన్లకూ ఆధారం ఈ సూత్రమే. ఈ పట్టీని తవ్వడానికి ప్రత్యేకమైన పనిముట్టు రూపొందిన చరిత్ర అమెరికా వాయవ్య ప్రాంతపు అడవులలో, 1910 నాటి మహాగ్నితో ముడిపడి ఉంది.

అమెరికా ఫారెస్ట్ సర్వీస్ 1905లో ఏర్పడింది. దానికి అయిదేళ్లు నిండిన 1910లో ఐడహో, మోంటానా రాష్ట్రాల కొండలలో వానలు ముఖం చాటేయగా, పిడుగుల వల్లా రైలింజన్ల నిప్పురవ్వల వల్లా ఎక్కడికక్కడ మంటలు పుట్టాయి. ఆగస్టు 20న వీచిన పెనుగాలులకు అవన్నీ ఏకమై రెండు రోజులలో సుమారు 30 లక్షల ఎకరాలను కాల్చివేశాయి. కనీసం 85 మంది మరణించగా, వారిలో అత్యధికులు మంటలార్పడానికి వెళ్లినవారే. వాలెస్ పట్టణంలో రేంజరుగా ఉన్న ఎడ్వర్డ్ పులాస్కి, మంటల నడుమ చిక్కుకున్న దాదాపు 45 మందిని ఒక పాత గని సొరంగంలోకి నడిపించి, ముఖద్వారానికి తడి దుప్పట్లు కట్టి, భయంతో బయటికి పరుగెత్తబోయిన వారిని తుపాకి చూపి ఆపాడు. పొగకు అందరూ స్పృహ తప్పారు. అయిదుగురు లోపలే ప్రాణాలు విడిచినా, మిగిలినవారు తెల్లవారేసరికి బతికి బయటపడ్డారు. పులాస్కి కళ్లూ ఊపిరితిత్తులూ ఆ రాత్రి దెబ్బతిన్నాయి.

అటవీ ఉద్యోగానికి ముందు గనులలోనూ కమ్మరిగానూ పనిచేసిన పులాస్కి, మహాగ్ని తరువాతి కాలంలో తన కొలిమిలో ఒక జోడు పనిముట్టుకు రూపం దిద్దాడు. గొడ్డలినీ తవ్వే అంచునూ ఒకే పిడికి అమర్చాలన్న ఆలోచన అంతకు ముందే ఉన్నప్పటికీ, అడవి పనికి తగిన పొందికను దానికి తెచ్చిన ఘనత ఆయనకే దక్కింది. ఈ పనిముట్టు తలకు ఒక వైపు గొడ్డలి అంచు నిలువుగా ఉంటుంది. రెండవ వైపు బాడిస వలె అడ్డంగా తిరిగిన వెడల్పాటి అంచు ఉంటుంది. రెంటి నడుమ ఉన్న బెజ్జంలో మూడడుగుల కర్ర పిడి దిగుతుంది. వేరు అడ్డం వస్తే పనివాడు పిడిని చేతిలో తిప్పి గొడ్డలి వైపుతో నరికి, మళ్లీ తిప్పి మన్ను గీకుతాడు. రెండు పనిముట్లు మోయవలసిన చోట ఒకటే సరిపోతుంది.

చూడడానికి సాదాగా ఉన్నా దీని తయారీ సులభం కాదు. ఒకదానికొకటి అడ్డంగా ఉండే రెండు అంచుల బరువు పిడికి ఇరువైపులా సమంగా తూగకపోతే, దెబ్బ వేసిన ప్రతిసారీ తల పక్కకు తిరుగుతుంది. ఉక్కుకు పదును ఎక్కువైతే అంచు రాతికి తగిలి పెచ్చు ఊడుతుంది, తక్కువైతే గంట తిరగకుండానే మొద్దుబారుతుంది. ఒక కమ్మరి తన చేతివాటంతో సాధించిన ఈ తూకాన్ని వేల సంఖ్యలో ఒకే తీరున రప్పించడమే కర్మాగారాలకు ఎదురైన సమస్య. 1920 నాటికి ఫారెస్ట్ సర్వీస్ దీనిని కంపెనీల చేత చేయించడం మొదలుపెట్టింది.

చేతి పనిముట్లతో మొదలైన ఈ పరిశ్రమ క్రమంగా మనిషి ప్రాణరక్షణ వైపు విస్తరించింది. 1940లో పారాచూట్లతో మంటల చెంత దిగే దళాలు రంగంలోకి వచ్చాయి. 1949 ఆగస్టు 5న మోంటానాలోని మాన్ గల్చ్ లోయలో మంట ఎండుగడ్డి వెంట మనిషి పరుగును మించిన వేగంతో ఎగబాకగా 13 మంది మరణించారు. దళనాయకుడు వాగ్నర్ డాడ్జ్ తన ముందున్న గడ్డికి తానే నిప్పుపెట్టి, అది కాలిన నేలపై బోర్లా పడుకుని బతికాడు. ఇంధనం లేని చోటే రక్షణ అన్న సూత్రానికి ఇంతకన్నా నిదర్శనం లేదు. అటువంటి నేల దొరకనప్పుడు చివరి ఆసరాగా రూపొందినది ఫైర్ షెల్టర్, అంటే మనిషి కిందికి దూరి పడుకునే మడత గుడారం. 1976లో కొలరాడోలో, ఈ గుడారాలు వెంట లేని దళంలో ముగ్గురు మరణించాక, 1977లో దానిని తప్పనిసరి చేశారు.

గాజునార బట్టకు అల్యూమినియం రేకు అతికించి చేసే ఈ గుడారం దూరపు మంట నుంచి ప్రసరించే వేడిలో అధికభాగాన్ని వెనక్కి మళ్లిస్తుంది. అయితే అల్యూమినియం 660 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది, రేకును పట్టి ఉంచే జిగురు అంతకన్నా చాలా ముందే విడిపోతుంది. కనుక మంట నేరుగా తాకితే అది ఎక్కువసేపు ఆగలేదు. మందం పెంచితే బరువు పెరుగుతుంది, బరువు పెరిగితే కొండ ఎక్కే మనిషి అలసి వెనకబడతాడు; తయారీదారులను నేటికీ వేధిస్తున్న చిక్కు ఇదే. 2013 జూన్ 30న అరిజోనాలోని యార్నెల్ హిల్ వద్ద 19 మంది తమ గుడారాలు తెరిచి కూడా మరణించారు.

సాధనాలు మెరుగుపడిన కొద్దీ ప్రతి మంటనూ ఆర్పివేయాలన్న విధానం బలపడింది. ఏ మంటనైనా కనిపించిన మరుసటి ఉదయం పది గంటలలోపు అదుపు చేయాలని 1935లో ఫారెస్ట్ సర్వీస్ నిర్ణయించింది. తరతరాలుగా ఆదివాసులు పెట్టిన చిన్న మంటలూ పిడుగుల మంటలూ అడుగు చెత్తను తగలబెట్టి పెద్ద చెట్లను నిలబెట్టిన పైన్ అడవులలో, ఆ తరువాత ఇంధనం ఏటికేడు పేరుకుపోయింది. చివరికి 1978లో ఆ నియమాన్ని వదులుకోవలసి వచ్చింది. పనిముట్ల విజయం మరింత పెద్ద మంటకు కట్టెలు పేర్చిందన్నది ఈ చరిత్ర చెప్పే కఠిన సత్యం.

పులాస్కి 1931లో మరణించాడు. తన పనిముట్టుపై ఆయనకు పేటెంటు లేదు, దానికి ఆయన పేరు మాత్రం నిలిచింది. నేడు అడవులలో అనువైన వాతావరణం చూసి, హద్దులు గీసి, తక్కువ మంటతో అడుగు చెత్తను కావాలని కాల్పిస్తున్నారు. ఆ హద్దులను తవ్వడానికి వాడుతున్నదీ ఆ పులాస్కి పనిముట్టే.