చుక్కల గడుల్లో సాహసకథ: పాతకాలపు రోల్ ప్లేయింగ్ గేమ్‌లు, తెలుగు అక్షరం

రోల్ ప్లేయింగ్ గేమ్ అంటే ఆడేవారు ఒక పాత్రను తమదిగా చేసుకుని, ఊళ్లూ అడవులూ గుహలూ తిరుగుతూ, ఎదురైనవాళ్లతో మాట్లాడుతూ, రాక్షసులతో తలపడుతూ, గెలిచిన ప్రతిసారీ కాస్త బలపడుతూ ఒక పెద్ద కథను పూర్తిచేసే ఆట. వాడుకలో ఆర్పీజీ అంటారు. ఇందులో పాతకాలపు శైలి ఒక ప్రత్యేక శాఖ. 1980ల నాటి యంత్రాలు చూపగలిగినంత ముతక బొమ్మలు, గడులుగా పరిచిన నేల, పైనుంచి చూసినట్టుండే ఊరు, తెర అడుగున చిన్న పెట్టెలో నడిచే సంభాషణ దీని గుర్తులు. ఈ రూపం ఇవాళ పెద్ద కంపెనీల దగ్గర కంటే ఒకరిద్దరు మనుషుల చేతుల్లోనే ఎక్కువగా బతుకుతోంది. హనుమకొండ జిల్లా ధర్మసాగర్ లాంటి ఊళ్లో కూర్చుని కూడా తయారుచేయగల ఆట ఇది. వందమంది పనిచేసే స్టూడియో దీనికి అక్కర్లేదు. అయితే ఆ స్థితి రావడానికి దాదాపు యాభై ఏళ్లు పట్టింది. తెలుగుకైతే అదనంగా అక్షరం అడ్డుపడింది.

1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అనే ఆటను అచ్చువేశారు. కాగితం, పెన్సిలు, పాచికలు, కథ నడిపించే ఒక మనిషి ఉంటే చాలు, ఆట సాగేది. మరుసటి ఏడాదికల్లా ఇలినాయ్ విశ్వవిద్యాలయంలోని ప్లేటో కంప్యూటర్ వ్యవస్థ మీద దానికి తెర రూపాలు పుట్టాయి. చదువుల కోసం పెట్టిన యంత్రం మీద ఆటలేమిటని నిర్వాహకులు వాటిని చెరిపేసినా, మళ్లీ కొత్తవి వచ్చేవి. 1980లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం సాంటాక్రూజ్ విద్యార్థులు మైకేల్ టాయ్, గ్లెన్ విచ్‌మన్ ‘రోగ్’ రాశారు. అందులో బొమ్మలే లేవు. ఈమెయిల్ చిరునామాలో వాడే ‘అట్’ గుర్తే కథానాయకుడు. ఇంగ్లిషు పెద్దక్షరాలు రాక్షసులు. గీతలు గోడలు. ప్రతిసారీ గుహ కొత్తగా అమరుతుంది, చనిపోతే ఆట మొదటికి వస్తుంది. మరుసటి ఏడాది, 1981లో, రిచర్డ్ గ్యారియట్ ‘అల్టిమా’, ఆండ్రూ గ్రీన్‌బర్గ్, రాబర్ట్ వుడ్‌హెడ్‌ల ‘విజార్డ్రీ’ వచ్చాయి. ఈ కంప్యూటర్ ఆటల కర్తల్లో ఎక్కువమంది విద్యార్థులో, అప్పుడే చదువు ముగించినవాళ్లో కావడం గమనించదగ్గది. ఆర్పీజీ పుట్టుకతోనే ఒకరిద్దరు మనుషుల పని. తర్వాత చాలాకాలం కంపెనీల చేతుల్లోకి వెళ్లి మళ్లీ మొదటి చోటికే తిరిగొచ్చింది.

నేడు ‘పాతకాలపు శైలి’ అనగానే గుర్తొచ్చే రూపం మాత్రం జపాన్‌లో స్థిరపడింది. 1986 మే 27న ఎనిక్స్ సంస్థ నింటెండో ఫామికామ్ యంత్రానికి ‘డ్రాగన్ క్వెస్ట్’ విడుదల చేసింది. కథ యూజీ హోరీది, బొమ్మలు అకిరా తొరియామావి, సంగీతం కొయిచీ సుగియామాది. ఆట మొత్తం 64 కిలోబైట్లలో ఇమిడింది. ఇవాళ ఫోన్‌లో తీసే ఒక్క ఫొటో అంతకు ఎన్నో రెట్లు బరువుంటుంది. ఆట ఎక్కడ ఆపామో గుర్తుపెట్టుకునే బ్యాటరీ కూడా ఆ ఆట క్యాసెట్‌లో లేదు. ఆపేటప్పుడు తెరమీద వచ్చే పొడవాటి సంకేతపదాన్ని కాగితం మీద రాసుకుని, మర్నాడు దాన్ని తప్పులేకుండా కొడితేనే ఆట కొనసాగేది.

ఫామికామ్ యంత్రం పనితీరు కొంచెం దగ్గరగా చూస్తే పాతశైలి బొమ్మలకు ఆ ముతక రూపు ఎందుకొచ్చిందో తెలుస్తుంది. తెర వెడల్పు 256 చుక్కలు, ఎత్తు 240. నేపథ్యం అంతా ఎనిమిది చుక్కల పొడవు, ఎనిమిది చుక్కల వెడల్పు ఉన్న గడులతో పరిచి ఉంటుంది. ఒకసారికి యంత్రం చేతిలో ఉండే వేర్వేరు గడులు 256 మాత్రమే. ఊరు, అడవి, కోట, అక్షరాలు అన్నీ అందులోంచే రావాలి. నాలుగు గడులు కలిసిన పదహారు చుక్కల చతురస్రానికి ఒక రంగుల పళ్లెం. అందులో అందరికీ ఉమ్మడిగా ఉండే నేపథ్యపు రంగు పోను మూడే రంగులు.

ధర్మసాగర్ చెరువును ఈ లెక్కలో గీయాలనుకుంటే పని ఇలా సాగుతుంది. నీటికి రెండు గడులు చాలు. వాటిని మార్చిమార్చి చూపితే అలలు కదిలినట్టుంటుంది. కట్టకు రాతి వాలు ఒకటి, పైనున్న మట్టిబాట ఒకటి, మలుపులకు మూలగడులు. తూముకు ఒక గడి, మత్తడి మీంచి దూకే నీటికి మళ్లీ రెండు. తాటిచెట్టు పొడుగు కాబట్టి ఒకదానిమీద ఒకటిగా రెండు చతురస్రాలు కావాలి. కట్టమీద నడిచే మనిషికి ప్రతి దిక్కుకూ రెండేసి అడుగులు. ఎడమవైపు గీసింది తిరగేస్తే కుడివైపుది వస్తుంది గనక అక్కడ శ్రమ తగ్గుతుంది. ఇక పదహారు చుక్కల్లో బతుకమ్మ: మూడు రంగులే ఉన్నాయి కాబట్టి తంగేడు పసుపు, గునుగు తెలుపు, ఆకుపచ్చ తీసుకోవాలి, పట్టుకుచ్చుల ఎరుపు వదులుకోవాలి. ఏది ఉంచాలి, ఏది వదలాలి అన్న ఈ ఎంపికలోనే పాతశైలి కళ అంతా ఉంది. ఆధునిక యంత్రానికి ఈ పరిమితులేవీ లేకపోయినా, మంచి తయారీదారులు వాటిని కావాలని పెట్టుకుంటారు. పరిమితి లేకుండా గీసిన ముతకబొమ్మ సోమరితనంగానే కనిపిస్తుంది.

బొమ్మలను మించి చోటు తినేది మాటలు. ‘డ్రాగన్ క్వెస్ట్’ తయారీలో మెమరీ చాలక కటకానా లిపిలో ఇరవై అక్షరాలకే చోటిచ్చారు. రాక్షసుల పేర్లు, మంత్రాల పేర్లు ఆ ఇరవై అక్షరాలతో కుదిరేలా ఏరుకోవాల్సి వచ్చింది. విడివిడి అక్షరాలను పక్కపక్కన పేర్చుకుపోయే జపాన్ లిపికే అంత ఇబ్బంది అయితే తెలుగు సంగతి చెప్పనక్కర్లేదు. మన హల్లులకు గుణింతాలు కలిపితేనే లెక్క అయిదు వందలు దాటుతుంది. ఆ యంత్రంలోని 256 గడులు దానికే చాలవు. పైగా వత్తులు. ‘ధర్మసాగర్’ అని రాయాలంటే రకారం కింద మకారపు వత్తు దిగాలి, దకారం కింద వత్తు చుక్కంత గీతగా కనిపించాలి, సకారం పైన దీర్ఘం సాగాలి, చివరి రకారం మీద పొల్లు నిలవాలి. ఎనిమిది చుక్కల ఎత్తులో ఇవన్నీ ఇమడవు. పదహారు చుక్కల ఎత్తు తీసుకుని, పై నాలుగు వరుసలు తలకట్లకు, గుడులకు, నడుమ వరుసలు అసలు అక్షరానికి, అడుగు వరుసలు వత్తులకు కేటాయిస్తే చదవగలిగే అక్షరం వస్తుంది. ‘స్త్రీ’ లాంటి మాట వచ్చినప్పుడు ఆ కొలత కూడా బిగుతే.

కంపెనీల ఆటగా మారిన ఆర్పీజీని మళ్లీ ఒంటరి మనిషికి అందించింది ఒక పనిముట్టు. 1992లో జపాన్‌కు చెందిన ఆస్కీ సంస్థ ‘ఆర్పీజీ త్సుకూరు డాంటే 98’ అనే సాఫ్ట్‌వేర్ తెచ్చింది. నేలను గడులతో పరవడం, మనిషిని నిలబెట్టి మాటలు అప్పజెప్పడం, యుద్ధపు లెక్కలు కట్టడం అన్నీ అందులో సిద్ధంగా ఉంటాయి. ప్రోగ్రామింగ్ రానివాళ్లు కూడా ఆట తయారుచేయవచ్చు. ఈ వరుసే ప్రపంచానికి ‘ఆర్పీజీ మేకర్’గా తెలిసింది. 2011లో కాన్ గావ్ దానితోనే ‘టు ద మూన్’ చేశాడు. అందులో యుద్ధాలు దాదాపు లేవు. చనిపోబోతున్న ముసలివాడి జ్ఞాపకాల్లోకి వెళ్లే కథే ఆట మొత్తం. 2013లో టోబీ ఫాక్స్ ప్రజల నుంచి చందాలు అడిగితే 51 వేల డాలర్లకు పైగా వచ్చాయి. ఆ డబ్బుతో, కొద్దిమంది సాయంతో చేసిన ‘అండర్‌టేల్’ 2015లో విడుదలై లక్షలాది మందికి చేరింది. ఎదురైన రాక్షసుణ్ని చంపకుండా మాటలతో వదిలేయవచ్చు అన్న ఒక్క ఆలోచన మీద ఆ ఆట నిలబడింది. ఎరిక్ బరోన్ నాలుగేళ్లకు పైగా ఒక్కడే బొమ్మలు, సంగీతం, ప్రోగ్రాం, సంభాషణలు సమకూర్చుకుని 2016 ఫిబ్రవరిలో వ్యవసాయం నేపథ్యంగా ‘స్టార్‌డ్యూ వ్యాలీ’ తెచ్చాడు. ఈ విజయాలు చూసి పాతశైలి అంటే తేలిక దారి అనుకోకూడదు. బొమ్మలు త్వరగానే అయిపోతాయి. ఊళ్లోని ప్రతి మనిషికీ సందర్భానికి తగ్గ మాట రాయడం, ఏ రాక్షసుడు ఎప్పుడు ఎంత గట్టిగా ఉండాలో తూకం వేయడం ఏళ్లు తింటాయి.

తెలుగు నేలకు ఈ చరిత్ర సగమే చేరింది. 1990లలో మన పట్టణాల ఇళ్లల్లోకి వచ్చిన టీవీ వీడియో గేమ్‌లు చాలావరకు ఫామికామ్‌కు నకళ్లు. క్యాసెట్లలో మారియో, కాంట్రా లాంటి పరుగుల, తుపాకుల ఆటలు ఉండేవి. చదవనక్కర్లేని ఆటలు కాబట్టి భాష అడ్డురాలేదు. ఆర్పీజీ అలా కాదు, చదివితేనే ముందుకు సాగుతుంది. జపనీస్ మాటల ఆట ఇక్కడ ఎవరికీ పనికిరాదు. పైగా ఆట నిలుపుకునే బ్యాటరీ పెడితే క్యాసెట్ ఖరీదు పెరుగుతుంది. ఆ తరం పిల్లలకు మారియో తెలిసినంతగా ‘డ్రాగన్ క్వెస్ట్’ తెలియకపోవడానికి ఇంతకంటే వేరే కారణం వెతకనక్కర్లేదు.

కథలకు కరువుండి మాత్రం కాదు. ‘డ్రాగన్ క్వెస్ట్’కు ముప్పై రెండేళ్ల ముందే, 1954లో, చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం ‘తోకచుక్క’ సీరియల్ మొదలైంది. ఆ తర్వాత రెండు దశాబ్దాలకు పైగా ‘కంచుకోట’, ‘రాకాసిలోయ’, ‘పాతాళదుర్గం’, ‘శిథిలాలయం’ లాంటివి వరుసగా వచ్చాయి. చిత్రా గీసిన బొమ్మలు వాటికి ప్రాణం పోశాయి. ఊరు విడిచిన యువకులు, దారిలో కలిసే నేస్తాలు, మాంత్రికుల మాయలు, నెలనెలా కొత్త లోయ, కొత్త దుర్గం: ఆర్పీజీకి కావలసిన నడక అంతా అక్కడుంది. జానపద సినిమాలు, కాశీమజిలీ కథలు సరేసరి. ఓరుగల్లు ప్రాంతానికైతే మేడారం గాథ, కాకతీయుల కోట, చెరువులు, ఒకప్పటి వరంగల్ జిల్లాలోని చేర్యాల నకాషీ పటాలు ఉన్నాయి. ఎర్రని నేపథ్యం మీద వరుసలు వరుసలుగా కథ చెప్పే ఆ పటాల్లో దూరదగ్గరల లెక్క ఉండదు. బొమ్మలన్నీ ఒకే తలం మీద చదునుగా నిలబడతాయి. గడుల ఆటకు అంతకంటే అనువైన దేశవాళీ చిత్రశైలి మరొకటి కనిపించదు.

కథ ఉన్నా అక్షరం తెరకెక్కడానికి చాలాకాలం పట్టింది. కంప్యూటర్లలో అక్షరాలకు సంఖ్యలిచ్చే యూనికోడ్ ప్రమాణం 1991లో తొలిసారి వచ్చినప్పుడే అందులో తెలుగుకు చోటు దక్కింది. 2001 నాటి విండోస్ ఎక్స్‌పీతో మామూలు కంప్యూటర్ తెలుగును సరిగ్గా చూపించసాగింది. ఆటలు తయారుచేయడానికి వాడే గేమ్ ఇంజిన్లు మాత్రం వెనకబడ్డాయి. సొంతంగా ఆటలు చేసే ఇండీ తయారీదారులు ఎక్కువగా వాడే యూనిటీ ఇంజిన్లో చాలా ఏళ్ల పాటు తెలుగు వాక్యం పెడితే వత్తులు విడిపోయి, గుణింతాలు చెదిరిపోయేవి. ఒక్కో సంభాషణను బొమ్మగా చేసి అతికించడం తప్ప దారి ఉండేది కాదు. వేల వాక్యాలుండే ఆర్పీజీకి అది అయ్యే పని కాదు. 2015లో వచ్చిన ‘ఆర్పీజీ మేకర్ ఎంవీ’ బ్రౌజర్ సాంకేతికత మీద నడుస్తుంది కాబట్టి బ్రౌజర్‌లో తెలుగు ఎలా కనిపిస్తుందో, సంభాషణను ఒక్కో అక్షరపు ముక్కగా గీసే దాని పద్ధతిని మార్చుకుంటే, ఆటలోనూ అలాగే చూపే వీలు కలిగింది. 2023 మార్చిలో విడుదలైన ‘గోదాట్ 4’ భారతీయ లిపుల కూర్పును ఇంజిన్‌లోనే భాగం చేసింది. అది పూర్తిగా ఉచితం. సిలికానాంధ్ర చొరవతో వచ్చిన రామభద్ర, గిడుగు, మల్లన్న లాంటి ఖతులను కూడా పైసా ఇవ్వకుండా వాడుకోవచ్చు.

ఈలోగా హైదరాబాద్‌లో వృత్తి పాదుకుంది. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్, గేమ్‌లాఫ్ట్ లాంటి విదేశీ సంస్థలు అక్కడ స్టూడియోలు పెట్టడంతో చాలామందికి పని నేర్చుకునే అవకాశం దొరికింది. తెలంగాణ ప్రభుత్వం 2016లో యానిమేషన్, గేమింగ్ రంగానికి ప్రత్యేక విధానం ప్రకటించింది. సొంత ఆట విషయంలో చెప్పుకోవలసిన పేరు జైనుద్దీన్ ఫహద్ తదితరుల ఓగర్ హెడ్ స్టూడియో. ఈ చిన్న హైదరాబాద్ బృందం 2017 మార్చిలో ‘అసుర’ను ఆన్‌లైన్ ఆటల అంగడి స్టీమ్‌లో విడుదల చేసింది. పైనుంచి చూసే కత్తిపోరాటం, ప్రతిసారీ కొత్తగా అమరే ప్రపంచం, చస్తే మొదటికి రావడం: ఇది నేరుగా ‘రోగ్’ వంశం. శక్తుల పట్టిక కూడా ప్రతి ఆటకూ మారిపోతుంది. చంపినవాళ్ల మీద పగ తీర్చుకోవడానికి తిరిగొచ్చిన అసురుడే కథానాయకుడు. మన పురాణాల సరుకుతో ప్రపంచ మార్కెట్‌కు వెళ్లవచ్చని ఈ ఆట చూపించింది. అయితే దాని మాటలు ప్రధానంగా ఇంగ్లిషువే. కొనేవాళ్లు ప్రపంచమంతా ఉన్నప్పుడు ఆ నిర్ణయం సహజం. కానీ తెలుగులో చదివి ఆడే ఆట కొరత దానితో తీరదు.

రాజధాని దాటిన తర్వాత ఈ వృత్తి పలుచబడుతుంది. వరంగల్‌లో ఎన్‌ఐటీ ఉంది, 2020 జనవరిలో మడికొండ ఐటీ పార్కులో సైయెంట్, టెక్ మహీంద్రా కార్యాలయాలు మొదలయ్యాయి. మడికొండ నుంచి ధర్మసాగర్ ఎంతో దూరం లేదు. దేవాదుల ఎత్తిపోతల పథకం గోదావరి నీళ్లను తెచ్చి పోసే చెరువుల్లో ధర్మసాగర్ చెరువు ఒకటి, వరంగల్, హనుమకొండలకు తాగునీరు అందించే చెరువుల్లోనూ ఇది ఒకటి. ఒక ఆటకు కావలసినంత కథ ఆ నీటి ప్రయాణంలోనే ఉంది.

ఇలాంటి ఆట చేయాలనుకునే తెలుగువారు మొదటి ప్రయత్నంలోనే మహాకావ్యం తలకెత్తుకోవద్దు. ఒక ఊరు, ఒక కట్ట, పదిమంది మనుషులు, అరగంటలో ముగిసే కథ చాలు. మాటలు మాత్రం మొదటినుంచీ తెలుగులోనే రాయాలి, అదీ ఆ ఊరివాళ్లు మాట్లాడే తెలుగులో.