ఓడలు బండ్లయిన సీమలో కుదుపుల కథ



“ఓడలు బండ్లవుతాయి, బండ్లు ఓడలవుతాయి” అన్న సామెతను అక్షరాలా అన్వయించదగిన ఊరు మా బందరు. బందరు ఓడల చరిత్రను పండితులు ఎందరో వ్రాసియున్నారు. బండ్ల చరిత్రను, అందునా బండి వెనుక భాగపు చరిత్రను పట్టించుకొన్నవారు అరుదు. నేటి టపా పికప్పు బండికి వెనుక షాకులు మార్పించుట అనే విషయమును గురించి. తెలుగు పంతులుకు మెకానిక్కు పనులెందుకని నవ్వుకోకండి. దీని వెనుక నాలుగు వందల ఏండ్ల చరిత్ర ఉన్నది.

ముందుగా రెండు మాటలు. నిఘంటువులో ‘కుదుపు’, ‘కుదురు’ అన్నవి ఇరుగుపొరుగు పదాలు. బండి గోతిలో పడి లేచునపుడు కలిగేది కుదుపు. కుండ ఒరిగిపోకుండ క్రింద పెట్టే చుట్ట కుదురు. నిలకడకు సైతం అదే పేరు. కుదుపును కుదురుగా మార్చుటకు మనుష్యుడు చేసిన ప్రయత్నమే ఈ కథ అంతా.

17వ శతాబ్దంలో బందరు గోలకొండ రాజ్యానికి ప్రధానమైన రేవు. 1611లో ఆంగ్లేయులు ఇక్కడ వర్తకస్థానం నెలకొల్పారు. వజ్రాల వ్యాపారి తవెర్నియే ఈ ప్రాంతమంతా తిరిగి, గోలకొండ నుండి బందరుకు బండి ప్రయాణం దుస్సాధ్యమని వ్రాశాడు. కొండలు, చెరువులు, ఏరులు అడ్డుతగిలి, తన చిన్న బండిని సైతం పలుచోట్ల విడదీసి దాటించవలసి వచ్చిందట. అందుచేత సరకు ఎద్దుల వీపులమీద నడిచేది. కలవారు పల్లకి ఎక్కేవారు. పల్లకిలో కుదుపు తక్కువ. ఎందుచేత? బోయీల మోకాళ్ళు, భుజాలు ఆ కుదుపును మ్రింగేవి. లోపల కూర్చున్న దొరగారి సుఖానికి మూల్యం బయట నడిచేవాని వెన్నెముక చెల్లించేది. ఈ మాటను చదువరులు గుర్తుంచుకోగలరు. చివరలో దీనితో పని ఉన్నది.

ఇక రైతు బండి. ఇరుసు, కుండ, ఆకులు, ఇనుప పట్టా, కాడి - ఇంతే దాని శరీరం. ఇరుసుకూ బండి తొట్టికీ నడుమ మెత్తని వస్తువేదీ లేదు. నేలలోని ప్రతి గంటు నేరుగా నడుముకు అందుతుంది. క్రింద పరచిన ఎండుగడ్డియే ఆ కాలపు షాకు. అందునా మా నేల నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలు విడుస్తుంది. అట్టి నేలపై వేసిన బాట ఏడాది తిరగకుండానే అలలు దేరుతుంది.

1855 నాటికి బెజవాడ వద్ద కృష్ణపై ఆనకట్ట పూర్తయింది. కాలువలు నీటితోబాటు పడవలను కూడ తెచ్చాయి. బందరు కాలువలో ధాన్యపు పడవ నడిచినంత నున్నగా మరే వాహనమూ నడవలేదు. 1908లో బెజవాడ నుండి గుడివాడ మీదుగా బందరుకు రైలు వచ్చింది. నీటిదారి, ఇనుపదారి రెండూ ఉన్న సీమలో మట్టిదారిని ఎవరు లక్ష్యపెడతారు? పల్లె నుండి పడవ రేవుకో, రైలు స్టేషనుకో పోయే ఆ చివరి నాలుగు మైళ్ళు బురదకే మిగిలాయి. డెల్టా ధనవంతమైనా దాని దారులు దరిద్రంగా ఉండుటకు ఇదొక కారణమని నా అభిప్రాయం.

ఆ చివరి మైళ్ళలోనే కమాను ప్రవేశించింది. పారసీకంలో ‘కమాన్’ అనగా విల్లు. ఇంగ్లండులో ఓబడయా ఎలియట్ 1804లో ఉక్కు పట్టీలను విల్లువలె వంచి, ఒకదానిపై ఒకటి పేర్చి, గుర్రపు బండ్లకు అమర్చే పద్ధతికి పేటెంటు పొందాడు. ఆ కమాను కట్టే కాలక్రమంలో మన జట్కాలకు, తరువాత బస్సులకు, లారీలకు వచ్చింది. పొడవైన పట్టీ పైన, పొట్టి పట్టీలు క్రింద, నడుమ బోల్టు. బరువు పడినపుడు వంగి, తీసినపుడు లేస్తుంది.

లేవడంతోనే చిక్కు. వంగిన విల్లు నిటారైన చోట ఆగదు. మళ్ళీ వంగుతుంది, మళ్ళీ లేస్తుంది. పట్టీల నడుమ రాపిడి ఆ ఊపును కొంత అణచును. కనుకనే బరువు లారీలు చాలాకాలం వెనుక షాకులు లేకయే నడిచాయి. ఆ రాపిడి చాలనిచోట పుట్టినది షాకు. అది ఒక గొట్టం. అందులో నూనె, నూనెలో ఆడే ముషలకం, దానికి సన్నని రంధ్రాలు. బండి ఎగిరినపుడు నూనె ఆ రంధ్రాలగుండా బలవంతాన దూరి వేడెక్కుతుంది. అనగా ఊపు వేడిగా మారి గాలిలో కలిసిపోతుంది. కమాను బరువు మోస్తుంది. షాకు ఊపును అణచుతుంది. ఒకటి బోయీ భుజం, మరొకటి బోయీ మోకాలు.

1941లో అమెరికా సైన్యానికి తయారైన విల్లీస్ జీపుకు నాలుగు ప్రక్కల కమాన్లూ షాకులూ రెండూ ఉండేవి. 1947 నుండి మహీంద్రావారు బొంబాయిలో ఆ జీపులను కూర్చసాగారు. దారి కాని దారిన నడిచే మోటారు మన పల్లెలకు తెలిసినది జీపుతోనే.

అయితే జీపుకూ హద్దు ఉన్నదని దివిసీమ చూచింది. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చి పదివేలకు పైగా ప్రాణాలు బలిగొన్నది. రోడ్లు తెగి, చెట్లు కూలి, లోపలి గ్రామాలకు దారులు మూసుకుపోయాయి. హెలికాప్టర్ల నుండి ఆహారపు పొట్లాలు జారవిడువవలసి వచ్చింది. 1864లో బందరును ముంచి దాదాపు ముప్పదివేలమందిని పొట్టన పెట్టుకొన్న ఉప్పెన తరువాత నూటపదమూడేండ్లకు కూడ, మనిషిని చేరే దారి ప్రశ్న అక్కడే నిలిచియుండుట విచారకరం. దివిసీమను ఆవలి రేపల్లె తీరంతో కలిపే పులిగడ్డ-పెనుమూడి వంతెన 2006లో గాని రాలేదు.

1980 దశకంలో చిన్న సరకు బండ్లు వచ్చాయి. జహీరాబాదులో హైదరాబాద్ ఆల్విన్ వారు నిస్సాన్ సహకారంతో తేలిక లారీలు చేశారు. 1986లో టాటా 407, 1988లో టాటామొబైల్ పికప్పు వెలువడ్డాయి. అనంతరం చేపల, రొయ్యల చెరువులు విస్తరించి, నాగాయలంక, కోడూరు, కైకలూరు ప్రాంతాల్లో చెరువు గట్టు వరకు పోగల పికప్పు అత్యవసరమైంది. మేత, ఐసు, నీళ్ళతో నిండిన డ్రమ్ములు - అన్నీ వెనుకనే. పైగా ఉప్పుగాలికి కమాను పట్టీలు తుప్పుపడతాయి, షాకు కడ్డీ గరుకెక్కి నూనె కారుతుంది.

ఇక్కడ మనవారు సాధారణంగా చేసే పని, వెనుక మరో పట్టీ కట్టించుట. బరువు మోయడానికి అది సరే. కాని ఖాళీగా వచ్చునపుడు ఆ బండి కర్రవలె బిర్రబిగిసి, గోతిగోతికీ ఎగురుతుంది. బిగుసైన కమానును అదుపు చేయగల షాకు పాతదానికంటె బలమైనదై ఉండాలి. ఆ పాతదేమో అప్పటికే నూనె కారిపోయినది. వెనుక భాగం ఎత్తు పెంచితే పాత షాకు పొడవు చాలక చివరిదాకా సాగి, తగులుకొని, పట్టు ఊడుతుంది. కనుక పొడవు కొలిచి, బరువును బట్టి ఎన్నుకోవాలి. రెండు ప్రక్కలా ఒకేసారి మార్చాలి. రబ్బరు బుష్షులు కూడ క్రొత్తవి వేయించాలి. ఎగుడుదిగుడు దారిలో ఎడతెగక నడిచే బండికి నైట్రోజన్ వాయువు నింపిన షాకు మేలు. నూనె వేడెక్కి నురగకట్టి నీరసించకుండా వాయుపీడనం కాపాడుతుంది. పాత షాకును పరీక్షించుటకు సులువైన పద్ధతి: బండి మూలను గట్టిగా నొక్కి వదలాలి. ఒకసారి లేచి నిలిస్తే మంచిది. ఊగుతూనే ఉంటే దాని ఆయువు తీరినట్లే. ఒక్క హెచ్చరిక: బండి మౌలిక రూపాన్ని ఇష్టానుసారం మార్చుటను 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను నిషేధిస్తున్నది.

ఇంత ఖర్చు దేనికి, సరకుకు నడుము నొప్పి ఉంటుందా అని ఒక యజమాని వాదించవచ్చును. కాని వెనుక సరకు మాత్రమే ఉంటుందా? నాట్లకు, కోతలకు, రొయ్యలు ఒలిచే పనికి పోయే ఆడకూలీలు ఏ బండ్లలో నిలబడి పోతున్నారో కృష్ణా డెల్టా రోడ్డుమీద ఒక తెల్లవారుజామున నిలబడిన వారెవరికైనా కనిపిస్తుంది. సరకు బండిలో మనుషులను ఎక్కించరాదని చట్టం ఉన్నది. ఎక్కించకుండా పని జరగని ఊళ్ళూ ఉన్నాయి. ఆ బండిలో ముందు సీటుకు దూదిమెత్త ఉంటుంది. వెనుక ఇనుప తొట్టిలో నిలబడినామెకు ఎండుగడ్డి సైతం లేదు. చెడిన షాకు మ్రింగని ప్రతి కుదుపును ఆమె మోకాళ్ళే మ్రింగాలి. గర్భిణి కావచ్చు, అరవై దాటిన ముదుసలి కావచ్చు.

తవెర్నియే నాటికీ నేటికీ బండి మారింది, దారి చాలావరకు మారింది. కుదుపు ఎవరి ఒంటికి తగలాలన్న పంపకం మాత్రం మారలేదు. మంచి షాకు కూలీకి బస్సు కాజాలదు. అసలు పరిష్కారం ఆమెకు కూర్చొని పోగల వాహనమే. అది వచ్చేదాకా, వెనుక షాకులు బాగుచేయించుటను బండి అలంకారంగా గాక కనీస ధర్మంగా యజమానులు ఎంచవలెను.

కమానుకు, షాకుకు, ఇరుసు భాగాలకు మీ మీ సీమలలో వాడే పేర్లు వ్యాఖ్యలలో తెలుపగలరు. బండి తయారుచేసే వడ్రంగుల నోట నిలిచిన మాటలైతే మరీ సంతోషం.

స్వస్తి.