గడువు రాసిన కాగితం

రెండో ప్రపంచ యుద్ధం తొలి రోజుల్లో బ్రిటన్ స్పిట్‌ఫైర్, హరికేన్ విమానాలకు ఒక జబ్బు ఉండేది. ముక్కు ఒక్కసారిగా కిందికి వంచితే ఇంజిన్ దగ్గేది. వాటి రోల్స్‌రాయిస్ మెర్లిన్ ఇంజిన్‌కు పెట్రోలు అందించేది కార్బురేటర్. మన పాత స్కూటర్లలో ఉన్నట్టే దానిలోనూ ఒక గిన్నె, ఆ గిన్నెలో తేలే బెండు ఉండేవి. విమానం హఠాత్తుగా కిందికి దూకితే గిన్నెలోని పెట్రోలు అడుగు వదిలి మూతకు అంటుకునేది. క్షణం పాటు ఇంజిన్‌కు చుక్క అందేది కాదు. మరుక్షణం బెండు పని తలకిందులై పంపు తోసిన పెట్రోలంతా వరదలా వచ్చిపడేది. ఇంజిన్ ముందు దాహంతో దగ్గేది, తర్వాత పొలమారి దగ్గేది. జర్మన్ మెసెర్‌ష్మిట్‌లలోని ఇంజిన్లు సిలిండర్‌లోకే నేరుగా ఇంధనం చిమ్ముకునేవి కాబట్టి వాటికి ఈ బాధ లేదు. వెంటపడుతున్న వాణ్ణి వదిలించుకోవాలంటే జర్మన్ పైలట్ ముక్కు వంచి దూకితే సరిపోయేది. ఫార్న్‌బరో పరిశోధన కేంద్రంలో పనిచేసే బియాట్రిస్ షిల్లింగ్ అనే ఇంజినీరు దీనికి చేసిన వైద్యం ఒక చిన్న లోహపు అడ్డు. ఇంజిన్ పూర్తి శక్తితో నడవడానికి ఎంత పెట్రోలు కావాలో అంతే పోనిచ్చే కన్నం దానికి ఉండేది. కార్బురేటర్ ఊడదీయకుండానే ఇంధన గొట్టంలో దాన్ని బిగించొచ్చు. 1941 మొదటి నెలల్లో ఆమె తన బృందంతో వైమానిక స్థావరాలు తిరుగుతూ ఆ అడ్డులు వేయించింది. మోటార్‌సైకిల్ రేసుల్లో పేరు తెచ్చుకున్న మనిషి, ఆ తిరుగుడుకూ మోటార్‌సైకిలే వాడింది.

ఆ అడ్డు జబ్బును పూర్తిగా నయం చేయలేదు. వరదను ఆపింది కానీ తొలి దాహాన్ని ఆపలేదు. పూర్తి పరిష్కారం తర్వాత వచ్చిన కొత్తరకం కార్బురేటర్లతోనే దొరికింది. అయినా ఈ కథను ముందు చెప్పడానికి కారణం ఉంది. లోపానికి విరుగుడు కనిపెట్టడం ఒక పని. ఎగురుతున్న ప్రతి ఇంజిన్‌లోనూ ఆ విరుగుడు పడేలా చూడటం వేరే పని. ఇంధన వ్యవస్థ లోపాల చరిత్రలో మొదటిదాన్ని గురించి పుస్తకాలు వచ్చాయి, రెండోదాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. నా దృష్టిలో ప్రాణాలు నిలబెట్టింది ఎక్కువగా రెండోదే. యుద్ధకాలంలో అది తేలిక. విమానాలన్నీ ఒకే యజమానివి, ఆజ్ఞ ఇచ్చేవాడూ ఖర్చు భరించేవాడూ ఒకడే. శాంతికాలంలో ఇంజిన్ ఒక దేశంలో తయారవుతుంది, విమానం మరో దేశంలో, దాన్ని నడిపే సంస్థలు ప్రపంచమంతా ఉంటాయి. ఎవరు ఎవరికి చెప్పాలి, చెప్పినా ఎవరు వినాలి?

ఈ ప్రశ్నకు విమానయానం ఇచ్చుకున్న జవాబు ఎయిర్‌వర్దీనెస్ డైరెక్టివ్. హ్యాంగర్లలో అందరూ ‘ఏడీ’ అంటారు. చూడటానికి చప్పని కాగితం. ఏ మోడల్, ఏ సీరియల్ నంబర్లు, లోపం ఏమిటి, ఏం చేయాలి, ఎప్పటిలోగా చేయాలి అన్నవి అందులో ఉంటాయి. తయారీ సంస్థ పంపే సర్వీస్ బులెటిన్‌లోనూ మొదటి నాలుగు విషయాలూ ఉంటాయి, తరచు ఇంకా వివరంగానే ఉంటాయి. తేడా ఐదో దానిలో ఉంది. బులెటిన్‌లోని గడువు కోరిక, ఏడీలోని గడువు చట్టం. ఆ తేదీ దాటాక, లేదా అన్ని గంటలు ఎగిరాక, పని చేయించని విమానం ఎగిరితే అది చట్టవిరుద్ధం. అంతర్జాతీయ పౌర విమానయానానికి సంబంధించిన షికాగో ఒప్పందం ఎనిమిదో అనుబంధం ప్రకారం విమానాన్ని రూపొందించిన దేశం ఇలాంటి సమాచారాన్ని ఆ విమానాలున్న మిగతా దేశాలకు చేరవేయాలి. అమెరికాలోనో ఐరోపాలోనో పుట్టిన ఏడీ శంషాబాద్ హ్యాంగర్‌లో లాగ్‌బుక్ మీద ఇంజినీరు సంతకంగా మారేది ఆ దారినే.

గడువు లేని మరమ్మతు ఏమవుతుందో చూపే పాత ఉదాహరణ ఇంధనానికి సంబంధించింది కాదు, తలుపుకు సంబంధించింది. 1972 జూన్ 12న కెనడాలోని విండ్సర్ దగ్గర అమెరికన్ ఎయిర్‌లైన్స్ డీసీ-10 సరుకుల తలుపు గాల్లో ఊడిపోయింది. పైలట్ల నేర్పు వల్ల అందరూ బతికారు. అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ ఏడీ జారీ చేయడానికి సిద్ధమైంది. కానీ దాని అధిపతి జాన్ షాఫర్, తయారీ సంస్థ డగ్లస్ అధ్యక్షుడు జాక్సన్ మెక్‌గోవెన్ ఫోన్‌లో మాట్లాడుకున్నారు. పెద్దమనుషుల ఒప్పందం కుదిరింది. ఏడీ రాలేదు, బులెటిన్లు వెళ్లాయి. 1974 మార్చి 3న పారిస్ దగ్గర టర్కిష్ ఎయిర్‌లైన్స్ డీసీ-10 అదే తలుపు ఊడి కూలింది. 346 మంది చనిపోయారు. ఆ విమానానికి తలుపు పని పూర్తయిందని ఫ్యాక్టరీ రికార్డుల్లో ముద్రలు కూడా ఉన్నాయి. ఆ పని జరగలేదు. ఆదేశం ఉన్నా ముద్ర వేసినవాడు అబద్ధం ఆడొచ్చు కదా అని ఇక్కడ ఎవరైనా అడగొచ్చు. ఆడొచ్చు. కాకపోతే ఆదేశం ఉంటే ఆ ముద్రను తనిఖీ చేసే అధికారం, తనిఖీ చేయాల్సిన బాధ్యత ఒక ప్రభుత్వానికి ఉంటాయి. పెద్దమనుషుల ఒప్పందంలో అవి లేవు.

ఇంధన వ్యవస్థ విషయంలో ఇదే పరీక్ష పెద్ద ఎత్తున ఎదురైంది 2008లో. జనవరి 17న బీజింగ్ నుంచి వచ్చిన బ్రిటిష్ ఎయిర్‌వేస్ బోయింగ్ 777 లండన్ హీత్రోలో దిగబోతోంది. 136 మంది ప్రయాణికులు, 16 మంది సిబ్బంది ఉన్నారు. నేలకు 720 అడుగుల ఎత్తులో కుడి ఇంజిన్ శక్తి తగ్గింది, ఏడు సెకన్ల తర్వాత ఎడమదీ తగ్గింది. రెండూ ఆగిపోలేదు, అడిగినంత ఇవ్వలేదు. కెప్టెన్ ఫ్లాప్‌లను కొద్దిగా లోపలికి లాగడంతో విమానం ఇంకాస్త దూరం జారి, రన్‌వేకు దాదాపు 330 మీటర్ల ముందు గడ్డిలో పడింది. ఎవరూ చనిపోలేదు. ట్యాంకుల్లో ఇంకా పది టన్నులకు పైగా ఇంధనం ఉంది. ఇంధనాన్ని కొలిచి వదిలే వాల్వును ఇంజిన్ కంప్యూటర్ బార్లా తెరిచినట్టు రికార్డర్ చెప్పింది. కంప్యూటర్ తప్పు చేయలేదు, వాల్వు తప్పు చేయలేదు. తలుపు తీసి ఉన్నా చాలినంత ఇంధనం రాలేదు. ఇంధన పంపుల లోపలి లోహం మీద తాజా గాట్లు కనిపించాయి. చాలినంత ద్రవం అందని పంపు మీద పడే గుర్తులవి. అంటే అడ్డు పంపుకు ముందే ఎక్కడో పడింది. అడ్డు మాత్రం దొరకలేదు, ఎందుకంటే పరిశోధకులు చేరేలోపు అది కరిగిపోయింది.

విమాన ఇంధనంలో నీళ్లు కొంతైనా ఉంటాయి. బీజింగ్‌లో నింపిన ఇంధనం నాణ్యతకు వంక పెట్టలేం. బయలుదేరేటప్పుడు ఉన్న దాదాపు 79 టన్నుల్లో నీళ్లు మహా అయితే 5 లీటర్లు. సైబీరియా మీది చలిలో ఇంధనం సున్నాకు 34 డిగ్రీల కిందికి దిగింది. అది గడ్డకట్టే చలి కాదు, ఆ ఇంధనం ఇంకా చాలా కిందికి దిగినా ప్రవహిస్తుంది. కానీ అందులోని నీళ్లు మంచుగా మారి గంటల తరబడి గొట్టాల లోపలి గోడలకు పట్టాయి. ఎత్తులో నిలకడగా ఎగిరేటప్పుడు ఇంధన ప్రవాహం మందంగా ఉంటుంది, కాబట్టి మంచు కదల్లేదు. దిగే ముందు ఇంజిన్లు ఒక్కసారి ఎక్కువ ఇంధనం అడిగాయి. ప్రవాహం పెరిగి ఆ మంచు ఒక్కపెట్టున ఊడివచ్చింది. దాని దారిలో ఇంధనాన్నీ ఇంజిన్ ఆయిల్‌నూ పక్కపక్కన పారించే ఒక పెట్టె ఉంది. వెయ్యికి పైగా సన్నని గొట్టాల్లో ఇంధనం, వాటి చుట్టూ వేడి ఆయిల్. ఇంధనంలో మంచు వస్తే కరిగించాల్సింది ఆ పెట్టే. ఆ విమానంలోని రోల్స్‌రాయిస్ ట్రెంట్ 800 ఇంజిన్‌లో ఆ గొట్టాల మూతులు పెట్టె ముఖం నుంచి కొద్ది మిల్లీమీటర్లు ముందుకు పొడుచుకుని ఉండేవి. వేడి తగలని ఆ అంచుల మీద మంచు పేరుకుని, కరిగించాల్సిన భాగమే మూసుకుపోయింది. ఆ భాగం నిబంధనలు కోరిన పరీక్షలన్నీ నెగ్గినదే. మంచు అంతా ఒకేసారి ఊడివస్తుందన్న ఊహ నిబంధనల్లోనే లేదు.

ఇంతవరకూ చెప్పిందంతా ఇప్పుడు మనకు తెలిసింది. 2008లో సగమే తెలుసు. ఆ సెప్టెంబరులో ఎఫ్‌ఏఏ ఇచ్చిన మొదటి ఏడీ భాగాలను ముట్టుకోలేదు, పైలట్లకు పద్ధతులు చెప్పింది. వాటిలో ఒకటి వినడానికి వింతగా ఉంటుంది. శక్తి తగ్గిన ఇంజిన్‌కు ఇంకా శక్తి అడగొద్దు, థ్రాటిల్‌ను పూర్తిగా వెనక్కి లాగాలి. ప్రవాహం తగ్గితే వేడి ఆయిల్‌కు మంచు కరిగించే తీరిక దొరుకుతుంది. నవంబరు 26న షాంఘై నుంచి అట్లాంటా వెళ్తున్న డెల్టా 777 మొంటానా రాష్ట్రం మీద 39,000 అడుగుల ఎత్తులో ఉండగా కుడి ఇంజిన్ అదే తీరుగా తగ్గింది. పైలట్లు పుస్తకంలో రాసినట్టే చేస్తూ కిందికి దిగారు, ఇంజిన్ కోలుకుంది, విమానం క్షేమంగా అట్లాంటా చేరింది. ఈసారి పరిశోధకులకు చెక్కుచెదరని విమానం, పూర్తి రికార్డులు దొరికాయి. 2009 మార్చిలో అమెరికా ప్రమాద పరిశోధన సంస్థ ఆ పెట్టెను మార్చాలని అత్యవసరంగా సిఫారసు చేసింది. గొట్టాల మూతులు ముఖంతో సమంగా ఉండే కొత్త పెట్టెను రోల్స్‌రాయిస్ రూపొందించింది. 2009 జులైలో ఐరోపా విమానయాన భద్రతా సంస్థ ఏడీ వచ్చింది. 6,000 గంటలు ఎగిరేలోపు, లేదా 2011 జనవరి 1 లోపు, ఏది ముందైతే అది. బ్రిటన్ పరిశోధకుల తుది నివేదిక వచ్చింది 2010 ఫిబ్రవరిలో. ఈ రెండు తేదీల వరస గమనించాలి. కారణం మీద తుది మాట రాకముందే గడువు పెట్టేశారు.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే కదా ఇదంతా అని పెదవి విరిచేవాళ్లుంటారు. హీత్రో విషయంలో అది నిజమే. కానీ అదే ఇంజిన్‌తో మరో రెండు వందల పైచిలుకు విమానాలు ఎగురుతున్నాయి. ఆకులు ఆ చేతుల కోసం. ఇంతకంటే బరువైన అభ్యంతరం మరొకటుంది. తొలి ఆదేశం తొందరపాటుది, దాన్ని పాటించినా డెల్టా ఇంజిన్ తగ్గనే తగ్గింది కదా అని. తగ్గింది. కానీ తగ్గిన ఇంజిన్‌తో ఏం చేయాలో పైలట్లకు తెలిసింది కూడా ఆ అసంపూర్ణ కాగితం వల్లే. సగం తెలిసినప్పుడు సగానికి సరిపడే ఆదేశం ఇచ్చి, తెలిసిన కొద్దీ దిద్దుకోవడం బలహీనత కాదు. పూర్తిగా తేలేదాకా ఆగుదామన్న వాదన వినడానికి శాస్త్రీయంగానే ఉంటుంది. పరీక్షశాలలో అది మంచి నియమమే. 39,000 అడుగుల ఎత్తులో మాత్రం దానికి పెద్ద విలువ లేదు.

విమానాలు నడిపే సంస్థల వైపు నుంచి వచ్చే అభ్యంతరాన్ని మాత్రం అంత తేలిగ్గా కొట్టేయలేం. ప్రతి అనుమానాన్నీ ఆదేశంగా మారిస్తే విడిభాగాలు దొరకవు, విమానాలు నేల మీద ఉండిపోతాయి. పైగా బాగున్న వ్యవస్థను విప్పి బిగించడంలోనే కొత్త తప్పులు దొర్లుతాయి. హ్యాంగర్‌లో పనిచేసిన ఎవరైనా దీన్ని ఒప్పుకుంటారు. ఏడీల్లో రోజులతో పాటు ఎగిరే గంటలు కూడా రాసేది అందుకే. దూరప్రయాణాలు చేసే 777కు 6,000 గంటలంటే ఏడాదికి పైనే. ప్రమాదం ఎంత దగ్గరుందో అంచనా కట్టి, ‘మళ్లీ ఎగరకముందే’ నుంచి ‘వచ్చే పెద్ద సర్వీసులో’ దాకా ఎక్కడైనా గీత గీయొచ్చు. ఆదేశం అనగానే విమానం ఆపేయడం అనుకోవడం పొరపాటు. ఆపకుండా బాగుచేయించడానికే ఆ గంటల లెక్క.

అసలు చిక్కు ఆదేశం ఇవ్వాలా వద్దా అన్న గీత దగ్గర ఉంది. 2018 డిసెంబరు 17న ఎఫ్‌ఏఏ ఒక సమాచార బులెటిన్ ఇచ్చింది. బోయింగ్ విమానాల్లో ఇంజిన్‌కు ఇంధనం వదిలే, ఆపే స్విచ్‌లకు ఒక గట్టు ఉంటుంది, పిడి పైకి లాగి ఆ గట్టు దాటిస్తేనే స్విచ్ కదలాలి. కొన్ని 737లలో ఆ గట్టు పనిచేయని స్విచ్‌లు అమర్చినట్టు తేలింది. ఎత్తకుండానే స్విచ్ కదులుతుందేమో చూడమని ఎఫ్‌ఏఏ సలహా ఇచ్చింది. ఇది ఏడీ అవసరమయ్యేంత ప్రమాదకర స్థితి కాదని కూడా చెప్పింది. అదే తరహా గట్టు స్విచ్‌లుండే విమానాల జాబితాలో 787 ఉంది. 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో ఎయిర్ ఇండియా 787 కూలి, విమానంలోనూ నేల మీదా కలిపి 260 మంది చనిపోయారు. నెల తర్వాత వచ్చిన ప్రాథమిక నివేదిక రెండు స్విచ్‌లూ సుమారు ఒక సెకను తేడాతో ‘కటాఫ్’ స్థానానికి మారాయని చెప్పింది. ఎందుకు మారాయో చెప్పలేదు. 2018 సలహా ప్రకారం తనిఖీ చేయలేదని, అది సలహాయే కాబట్టి చేయలేదని ఎయిర్ ఇండియా చెప్పినట్టు కూడా అదే నివేదికలో ఉంది. ఈ రెంటికీ సంబంధం ఉందని ఆ నివేదిక అనలేదు, ఈ వ్యాసమూ అనదు. సలహాను పాటించకపోవడం చట్టప్రకారం తప్పూ కాదు.

కానీ పిడి ఎత్తకుండా స్విచ్ కదులుతుందేమో చూడటం నిమిషాల పని. అలాంటి సలహాకు కనీసం ‘చూశాం’ అనో, ‘ఫలానా కారణంతో చూడలేదు’ అనో ఒక గడువులోగా రాసి ఇవ్వాలన్న నియమం ఉండాలి. సలహాకూ ఆదేశానికీ మధ్య ఇంకో మెట్టు కావాలని నేననేది ఇందుకే. 2025 జులై 14న మన పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ ఆ స్విచ్‌ల తనిఖీని ఆదేశంగా మార్చి, 21వ తేదీ గడువు పెట్టింది. గడువు ముగిసిన మర్నాడు ఎయిర్ ఇండియా తన 787లు, 737లు అన్నీ చూశామని, లోపం ఎక్కడా కనిపించలేదని ప్రకటించింది. ఆరున్నరేళ్లు సలహాగా ఉన్న పని, తేదీ పడ్డాక వారంలో పూర్తయింది.